పూర్వ విద్యార్థుల కెరీర్ నెట్‌వర్కింగ్ మీట్: పరిచయాలు నిజంగా కుదిరేలా ఏర్పాటు చేయడం ఎలా?

హాలు బుక్ చేసి, మైకు పెట్టించి, వందమందిని పిలిచి "ఇక మాట్లాడుకోండి" అని వదిలేస్తే ఒకే బ్యాచ్ వాళ్లు ఒక మూలకు చేరతారు. ఒకే కంపెనీ వాళ్లు ఇంకో మూలకు చేరతారు. ఎవరూ తెలియని జూనియర్లు ఫోన్ చూసుకుంటూ గోడవారగా నిలబడతారు. కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు పెట్టి వాళ్లు ఒక బిజినెస్ మిక్సర్‌ను, అంటే పరిచయాల కోసం జరిపే సమావేశాన్ని, గమనించారు. కొత్తవాళ్లను కలవాలనే వచ్చామని ముందు చెప్పినవాళ్లు కూడా, తీరా హాల్లోకి అడుగుపెట్టాక, ఎక్కువగా పాత పరిచయస్తుల వైపే మొగ్గారు.

నష్టం ఎక్కడో తెలియాలంటే సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసం చూడాలి. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని "అప్పట్లో ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని ఆయన అడిగారు. వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్ల ద్వారా ఉద్యోగం వచ్చినవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55.6 శాతం మందికి, ఏడాదికి ఒక్కసారో అదీ లేకుండానో ఉన్నవాళ్ల ద్వారా 27.8 శాతం మందికి వచ్చింది. దగ్గరివాళ్లకు తెలిసిన సంగతులు మనకూ ఎలాగో తెలుస్తాయి. కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా సభ్యులపై చేసిన ప్రయోగం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. మరీ దగ్గరివీ మరీ దూరపువీ కాని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని అందులోనూ తేలింది. ఒకే కాలేజీలో చదివి, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరి మధ్య కుదిరే పరిచయం సరిగ్గా ఈ కోవలోదే. పూర్వ విద్యార్థుల సంఘం చేతిలో ఇంతకు మించిన ఆస్తి లేదు.

అందుకే ఎవరు ఎవరిని కలవాలో నిర్వాహకులే ముందుగా కూర్చుని తేల్చాలి. హాలు, వేదిక, బ్యాడ్జీ, టైమ్‌టేబుల్ అన్నీ ఆ నిర్ణయాన్ని అనుసరించి రావాలి.

మొదటి అడుగు: ఒక్క వాక్యం రాయండి

పని మొదలుపెట్టే ముందు కమిటీ మొత్తం కూర్చుని ఒక వాక్యం రాయాలి. ఎవరికి, ఎవరి ద్వారా, ఏం దొరకాలి అన్న మూడూ అందులో ఉండాలి. "పూర్వ విద్యార్థుల మధ్య సంబంధాలు బలపరచడం" అన్న వాక్యంతో ఏ పనీ తెమలదు. "ఫైనలియర్ విద్యార్థులు, డిగ్రీ అయి రెండేళ్లలోపు ఉన్నవాళ్లు, తమ రంగంలో 4 నుంచి 10 ఏళ్ల అనుభవం ఉన్న కనీసం ముగ్గురితో మాట్లాడి, వారిలో ఒకరితో తర్వాత అరగంట ఫోన్ కాల్ కుదుర్చుకోవాలి" అనుకుంటే ఎవరిని పిలవాలో, ఎంతసేపు కావాలో, చివరికి ఏం లెక్కపెట్టాలో అన్నీ ఆ వాక్యం నుంచే వస్తాయి.

రీయూనియన్‌నూ దీన్నీ ఒకే సాయంత్రంలో కలిపేయకండి. పాత మిత్రులు ఏళ్ల తర్వాత కలిసినచోట కొత్తవాళ్లతో మాట్లాడమంటే ఎవరికీ మనసు ఒప్పదు, అది సహజం. రెండూ తప్పనిసరైతే ఉదయం నెట్‌వర్కింగ్ పెట్టి, మధ్యాహ్నం నుంచి రీయూనియన్ పెట్టండి. తలకిందులు చేస్తే నెట్‌వర్కింగ్ వేళకు హాలు సగం ఖాళీ అవుతుంది.

రెండో అడుగు: ఎంతమంది, ఏ పాళ్లలో

మొదటిసారి చేసేవారికి 25 నుంచి 55 మంది సరిపోతారు. వందమందితో చేస్తే ఫొటోలు బాగా వస్తాయి గానీ, జతలు కుదర్చడం ఇద్దరు ముగ్గురు వాలంటీర్ల చేతిలో ఉండదు.

సంఖ్యకన్నా పాళ్లు ముఖ్యం. సలహా కోరి వచ్చేవాళ్లు ముగ్గురికి, ఇవ్వగలిగినవాళ్లు కనీసం ఒకరు ఉండాలి. 40 మంది విద్యార్థులకు ఆరుగురు సీనియర్లు ఉంటే ఆ ఆరుగురి చుట్టూ గుంపు కడతారు. సీనియర్లు ఒకే మాట పదిసార్లు చెప్పి అలసిపోయి వచ్చే ఏడాది రారు, వెనక వరుసలో ఉన్న జూనియర్లకు ఒక్క ప్రశ్న అడిగే వీలూ దొరకదు. సీనియర్లు దొరక్కపోతే విద్యార్థుల సీట్లు తగ్గించండి.

ఎవరిని పిలవాలన్న దగ్గర చాలా కమిటీలు పెద్ద హోదాల వెంట పడతాయి. డైరెక్టర్ స్థాయి వ్యక్తి వస్తే కార్యక్రమానికి గౌరవం వస్తుంది, నిజమే. కానీ ఈ ఏడాది ఫ్రెషర్ల ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారో, ఏ స్కిల్‌కు గిరాకీ ఉందో ఎక్కువగా తెలిసేది 3 నుంచి 8 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే. టీమ్‌లో ఖాళీ వచ్చిందన్న కబురు ముందుగా వినేదీ వాళ్లే. సీనియర్ కోటాలో మూడింట రెండు వంతులు వీళ్లకు ఇవ్వండి. 15 ఏళ్లు దాటినవాళ్లను రంగం మారాలనుకుంటున్న, సొంత సంస్థ పెట్టాలనుకుంటున్న మధ్య వయసు పూర్వ విద్యార్థులతో కలపండి.

నమోదుకు, హాజరుకు మధ్య తేడాను మొదటి నుంచీ లెక్కలో పెట్టుకోవాలి. ఉచిత కార్యక్రమాలకు పేరిచ్చినవారిలో మూడో వంతు రాకపోవడం మామూలే. 35 మంది కావాలంటే 50 దాకా పేర్లు తీసుకోండి, వెయిటింగ్ లిస్టు కూడా పెట్టండి. సీనియర్ల విషయంలో మాత్రం ఫోన్ చేసి రూఢి చేసుకున్న పేర్లనే లెక్కించాలి.

మూడో అడుగు: పది వారాల ముందు నుంచి

10 వారాల ముందు వాక్యం, తేదీ, హాలు ఖాయం కావాలి. పరీక్షలు, పండుగలు, ఆర్థిక సంవత్సరం ముగిసే వారాలు తప్పించండి. 8 వారాల ముందు సీనియర్లకు విడివిడిగా ఆహ్వానం వెళ్లాలి. సంఘం తరఫున ఒకే మెయిల్ అందరికీ కొట్టేస్తే చదివి వదిలేస్తారు. వాళ్ల బ్యాచ్‌మేట్ ఒకరు ఫోన్ చేసి "రెండున్నర గంటలే, ప్రసంగం ఏమీ అక్కర్లేదు, ఐదుగురు జూనియర్లతో కూర్చుంటే చాలు" అని చెబితే ఒప్పుకుంటారు. ఎంతసేపు, ఏం చేయాలి, ఎవరితో అన్న మూడూ మొదటి పిలుపులోనే చెప్పాలి.

6 వారాల ముందు విద్యార్థులకు నమోదు తెరవండి. 2 వారాల ముందు మూసేయండి, ఆ మిగిలిన సమయం జతలు కుదర్చడానికి కావాలి. రిమైండర్లు మూడు చాలు: వారం ముందు, ముందురోజు, ఆ రోజు ఉదయం. వారం ముందు పంపేదానిలో "మీరు కలవబోయే ముగ్గురు వీరు" అని పేర్లు రాయండి. తనకోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిసినవాళ్లు అంత తేలిగ్గా ఎగ్గొట్టరు. హాజరు పెంచడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

నాలుగో అడుగు: రిజిస్ట్రేషన్ ఫారం

మిగతా పనంతా ఈ ఫారం మీదే నిలబడుతుంది. ఆరు ప్రశ్నలు మించకూడదు: పేరు, ఫోన్, మెయిల్ కలిపి ఒకటి, బ్యాచ్, బ్రాంచ్ కలిపి ఇంకొకటి, ఇప్పుడు చేస్తున్న పని, ఆసక్తి ఉన్న రంగాలు (రెండు మించకుండా), "ఈ మీట్‌లో నేను అడగదలుచుకున్నది", "నేను ఇతరులకు చెప్పగలిగినది, చేయగలిగినది".

అసలు పని చేసేవి ఆఖరి రెండు. వాటికి వచ్చే జవాబులు మొదట్లో పనికిరావు, అందుకు సిద్ధంగా ఉండండి. "కెరీర్ గైడెన్స్ కావాలి", "మంచి అవకాశాలు", "నెట్‌వర్క్ పెంచుకోవడం" అని రాస్తారు. ఇలాంటి జవాబుతో ఎవరినీ ఎవరితోనూ కలపలేం. ఫారంలోనే నమూనా జవాబు పెట్టండి: "సివిల్ ఇంజినీరింగ్ చదివాను, డేటా అనాలిసిస్‌లోకి మారాలనుంది. అలా మారినవాళ్లు మొదటి ఆరునెలల్లో ఏం నేర్చుకున్నారో తెలుసుకోవాలి." అయినా పొడిపొడిగా రాసినవారికి వాలంటీర్ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి: "ఆ సాయంత్రం ముగిసేసరికి మీకు ఏం తెలిసి ఉంటే వచ్చినందుకు ఫలితం దక్కిందనుకుంటారు?", "ఇప్పటికే ఏం ప్రయత్నించారు?" ఒక్కో కాల్ ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకుంటే తర్వాతి దశలన్నీ కుంటుతాయి.

విద్యార్థులు ఆరో ప్రశ్న దగ్గర "నా దగ్గర ఇవ్వడానికి ఏముంది?" అని ఖాళీగా వదిలేస్తారు. వదలనివ్వకండి. కాలేజీలో ఇప్పుడు ఏ కోర్సులు బాగా నడుస్తున్నాయో, ఏ ల్యాబ్ ఎలా ఉందో, కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఎంతమంది వాడుతున్నారో సీనియర్లకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉంటుంది. ఏదో ఒకటి ఇచ్చానన్న భావన ఉన్న జూనియర్ బల్ల దగ్గర తల వంచుకుని కూర్చోడు.

ఫారం అడుగున అనుమతి గడి తప్పనిసరి: ఏ వివరాలు ఎవరికి కనిపిస్తాయో ఒక వాక్యంలో రాసి, ఒప్పుకుంటేనే టిక్ పెట్టమనండి. ఫోన్ నంబర్ల జాబితాను గ్రూపులో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నంబర్ ఇవ్వాలా వద్దా అన్నది ఎదురెదురుగా కూర్చున్న ఆ ఇద్దరి ఇష్టం.

ఐదో అడుగు: జతలు కుదర్చడం

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కొక్కరికి ఒక వరుస కేటాయించి, "అడిగేది", "ఇచ్చేది" అన్న రెండు నిలువు వరుసలను పక్కపక్కన పెట్టండి. ఇద్దరు మనుషులు కూర్చుని ఒక్కో అడిగేదానికి ముగ్గురు ఇచ్చేవాళ్లను వెతకాలి. మొదటివారు అదే రంగంలో రెండు మూడు మెట్లు పైన ఉన్నవారు. రెండోవారు పక్క రంగం నుంచి చూసేవారు. మూడోవారు అదే స్థాయిలో ఉండి అదే సమస్యతో కుస్తీ పడుతున్నవారు. ఈ మూడోవారిని చాలామంది మరచిపోతారు గానీ, మీట్ అయ్యాక ఎక్కువకాలం నిలిచే పరిచయం తరచుగా వీళ్లదే.

50 మందికి ఈ పని ఒక పూట పడుతుంది. బ్రాంచ్ పేరు, రంగం పేరు చూసి యాంత్రికంగా జతచేస్తే ఇద్దరూ "మీరూ సాఫ్ట్‌వేరేనా" అనుకుని అక్కడితో ఆగిపోతారు. ఒకరికి కావాల్సింది మరొకరి దగ్గర ఉండాలి. ఒకే సీనియర్‌కు ఆరుగురికి మించి కేటాయించకండి.

ఆరో అడుగు: ఒక్క ఫార్మాట్ ఎంచుకోండి

అందరూ అందరినీ కలవాలన్న ఆశ వదిలేయండి. 24 మంది ఉంటే 276 జతలవుతాయి. ఒకేసారి 12 జతలు కూర్చున్నా 23 రౌండ్లు కావాలి. రౌండుకు ఐదు నిమిషాలన్నా దాదాపు రెండు గంటలు, మధ్యలో కుర్చీలు మారే సమయం కాక.

ప్యానెల్ చర్చ పెట్టాలనుకుంటే 20 నిమిషాలు, ముగ్గురు వక్తలు, అంతే. వేదిక మీద నడిచే గంటన్నర చర్చలో హాల్లోని 50 మంది పక్కవాడి పేరు కూడా తెలుసుకోలేరు.

ముఖాముఖి రౌండ్లు ఒకే అవసరం ఉన్న చిన్న గుంపుకు బాగుంటాయి. రెండు వరుసల కుర్చీలు ఎదురెదురుగా వేసి, సీనియర్లు కదలకుండా, జూనియర్లు ఒక్కో కుర్చీ జరుగుతూ పోవాలి. రౌండుకు 6 నిమిషాలు, మారడానికి 1 నిమిషం. ఎనిమిది రౌండ్లకు 56 నిమిషాలు. అంతకు మించితే గొంతూ శ్రద్ధా రెండూ పోతాయి. మూడు నిమిషాల రౌండ్లు వద్దు, పరిచయం ముగిసేసరికే గంట మోగుతుంది.

మిగతా అన్ని సందర్భాలకూ మా సిఫార్సు బల్లలు మారే పద్ధతి. బల్లకు ఐదుగురు, నాలుగు రౌండ్లు, ఒక్కోటి 15 నిమిషాలు. ఎవరెవరు ఏ రౌండులో ఎక్కడ కూర్చోవాలో పెద్ద పట్టిక అక్కర్లేదు, ఒక చిన్న నియమం చాలు. ప్రతి బల్ల దగ్గరా కుర్చీలకు 1 నుంచి 5 దాకా అంకెలు వేయండి. ప్రతి రౌండు తర్వాత 1వ కుర్చీవారు అక్కడే ఉంటారు. 2వ కుర్చీవారు ఒక బల్ల ముందుకు, 3వవారు రెండు బల్లలు, 4వవారు మూడు, 5వవారు నాలుగు బల్లలు ముందుకు వెళ్తారు. చివరి బల్ల దాటితే మళ్లీ ఒకటో బల్ల నుంచి లెక్క. ఇలా చేస్తే నాలుగు రౌండ్లలో ఒక్కొక్కరు 16 మందిని కలుస్తారు, ఎవరూ ఎవరికీ రెండోసారి తగలరు.

ఒక షరతు ఉంది: బల్లల సంఖ్య 5, 7, 10 లేదా 11 అయి ఉండాలి. ఆరు బల్లలు వేస్తే 1వ కుర్చీవారు కదలరు, 4వ కుర్చీవారు రెండుసార్లు మూడేసి బల్లలు జరిగి చుట్టు పూర్తిచేసి మళ్లీ మొదటి బల్లకే వస్తారు. మూడో రౌండులోనే పాత ముఖాలు ఎదురవుతాయి. 8, 9, 12 బల్లలకూ ఇలాంటి చిక్కే ఉంది. 30 మంది ఉంటే ఆరు బల్లలు సరిగ్గా సరిపోతాయి కదా అని వేసేయకండి. ఏడు బల్లలు వేసి ఐదు కుర్చీలు ఖాళీగా వదలండి, బల్లకు ఒకటి చొప్పున.

ఈ నియమంలో ఇంకో సౌకర్యం ఉంది. ఒకే అంకె ఉన్న కుర్చీలవాళ్లు ఎప్పుడూ ఒకే బల్ల దగ్గరికి రారు. అందుకని ఒకే బ్యాచ్ మిత్రులకు, ఒకే ఆఫీసువాళ్లకు ఒకే కుర్చీ అంకెను వేర్వేరు బల్లల దగ్గర ఇవ్వండి. విడదీస్తున్నట్టు ఎవరికీ అనిపించదు. కదలని 1వ కుర్చీని బల్ల బాధ్యుడికి, అంటే అక్కడ సంభాషణ నడిపించేవారికి, ఇవ్వండి. మీరు ఐదో అడుగులో కుదిర్చిన ముగ్గురిలో కనీసం ఇద్దరు ఈ నాలుగు రౌండ్లలో తగిలేలా అంకెలు సర్దండి. మూడోవారి కోసం తర్వాత వచ్చే విడి సమయం ఉంది.

బల్లకు ఐదుగురు అన్నది పైహద్దు. రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన పరిశీలనలో సహజంగా ఏర్పడే సంభాషణ గుంపులు దాదాపు నలుగురి దగ్గరే ఆగుతాయని తేలింది. అంతకు మించితే రెండుగా చీలతాయి. ఐదో మనిషి ఉన్నా చీలకుండా ఆపేది బల్ల బాధ్యుడే. ఎనిమిది మంది కూర్చునే పెద్ద గుండ్రటి బల్లల దగ్గర ఇద్దరు మాట్లాడతారు, ఆరుగురు వింటారు.

ఏడో అడుగు: హాలు, బ్యాడ్జీ, తలుపు

హాలు చూడటానికి వెళ్లినప్పుడు ముందు చప్పట్లు కొట్టి వినండి. చప్పుడు గోడలకు తగిలి సాగుతుంటే ఆ హాలు వద్దు, లేదా కర్టెన్లు, కార్పెట్ ఉన్న గది అడగండి. గోల మధ్య మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లోంబార్డ్ 1911లో వివరించిన ఈ తీరును లోంబార్డ్ ప్రభావం అంటారు. ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్లా పెంచుతుంది, అరగంటలో అందరూ అరుస్తుంటారు. బల్లల అంచుల మధ్య రెండు మీటర్లు ఖాళీ వదలండి, నేపథ్య సంగీతం అసలు పెట్టకండి. బల్ల వ్యాసం 90 సెంటీమీటర్లు దాటితే ఎదుటివారి మాట వినడానికి ముందుకు వంగాల్సి వస్తుంది.

బ్యాడ్జీ మీద పేరు అక్షరాల సైజు 40 పాయింట్లకు తగ్గకూడదు. దాని కింద బ్యాచ్, బ్రాంచ్, చేస్తున్న పని, ఆ తర్వాత "నన్ను వీటి గురించి అడగండి" అని మూడు నాలుగు మాటలు ఉండాలి. మెడలో వేసుకునే ట్యాగ్ తిరగబడుతుంది కాబట్టి రెండువైపులా అచ్చు వేయించండి. బల్ల, కుర్చీ అంకెలను మాత్రం బ్యాడ్జీలో ముద్రించకండి. చిన్న స్టిక్కర్ మీద రాసి తలుపు దగ్గర అంటించండి. 35 మందికి సిద్ధమైతే 25 మందే వచ్చినప్పుడు ఏడు బల్లలను ఐదుకు కుదించాల్సి వస్తుంది, అప్పుడు స్టిక్కర్లు మారిస్తే సరిపోతుంది.

రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఒక్కొక్కరికి 40 సెకన్లు పట్టినా 60 మందికి 40 నిమిషాలు. అందరూ వచ్చేది పావుగంటలోనే కాబట్టి ముగ్గురు కూర్చోవాలి. బ్యాడ్జీలు అక్షర క్రమంలో మూడు భాగాలు చేసి పెట్టండి. డెస్క్‌కు లోపలివైపు ఇంకో ఇద్దరు వాలంటీర్లు నిలబడి, ఒంటరిగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఎవరో ఒకరికి పరిచయం చేయాలి. పరిచయంలో పేరుతోపాటు కలిపే అంశం చెప్పాలి: "సర్, ఈమె ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ప్రాజెక్టు చేస్తోంది, మీరు అదే పనిలో ఉన్నారని పరిచయం చేస్తున్నాను." ఆ ఒక్క వాక్యంతో వాలంటీర్ పని అయిపోతుంది. అక్కడ నిలబడి సంభాషణ వినక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: ఆ రెండున్నర గంటలు

సాయంత్రం 5 గంటలకు మొదలైతే ఇలా నడపండి. 5:00 నుంచి 5:25 దాకా రాక, బ్యాడ్జీలు, నిలబడి పలకరింపులు. 5:25కు స్వాగతం, నియమాలు, మొత్తం ఐదు నిమిషాలు. ప్రిన్సిపాల్ ప్రసంగం, జ్ఞాపికలు ఉంటే వాటిని ఇంకో రోజుకు పెట్టుకోవడం మంచిది. అవి ఇక్కడ చేరితే మొదట పోయేది మూడో రౌండూ నాలుగో రౌండే. 5:30 నుంచి 6:40 దాకా నాలుగు రౌండ్లు, మధ్యలో మూడేసి నిమిషాలు మారడానికి. 6:40 నుంచి 7:15 దాకా విడి సమయం. తినుబండారాలు ఇప్పుడే బయటికి తేవాలి, ఒక చేత్తో తినగలిగేవి, రెండు మూడు చోట్ల విడివిడిగా. మొదట్లోనే పెడితే అందరూ ప్లేట్లతో కూర్చుంటారు. 7:15 నుంచి 7:30 దాకా ఫాలో-అప్ సమయం, దాని గురించి కింద చెప్తాం.

ప్రతి రౌండులో మొదటి రెండున్నర నిమిషాలు పరిచయాలు, ఒక్కొక్కరికి అరనిమిషం. పేరు, చేస్తున్న పని, ఇవాళ అడగదలుచుకున్న ఒక్క విషయం. మిగతా సమయం ఆ అడిగిన విషయాల మీదే నడవాలి. రౌండు ముగియడానికి రెండు నిమిషాల ముందు ఒకసారి, సమయం అయ్యాక ఇంకోసారి గంట మోగించండి. మైకులో అరవడంకన్నా చేతి గంట నయం.

బల్ల బాధ్యుడు ఎవరైనా ఫరవాలేదు అనుకోకండి. బాగా మాట్లాడేవారికంటే బాగా వినేవారిని ఎంచుకుని ముందురోజు పావుగంట శిక్షణ ఇవ్వండి. వాళ్లు ఎదుర్కోవాల్సినవి ముఖ్యంగా మూడు. ఒకరే మాట్లాడుతుంటే: "ఇది బాగుంది, దీని మీద మీ అనుభవం ఏమిటి?" అని పేరు పెట్టి ఇంకొకరిని పిలవాలి. ఎవరూ మాట్లాడకపోతే: "ఈ ఏడాది మీ పనిలో మీరు మార్చుకున్న ఒక అలవాటు ఏమిటి?" లాంటి ప్రశ్న సీనియర్‌ను అడగాలి. "మీ గురించి చెప్పండి" అంటే రెజ్యూమె చదివినట్టు సాగుతుంది. ఇక మూడోది, జూనియర్ సూటిగా "నాకు రిఫరల్ ఇస్తారా?" అని, అంటే తన పేరు కంపెనీకి సిఫార్సు చేయమని, అడిగినప్పుడు.

ఈ మూడోదాని మీద నియమం స్వాగతంలోనే చెప్పేయాలి: ఇవాళ రెజ్యూమెలు చేతికి ఇవ్వడం లేదు, రిఫరల్ అడగడం లేదు. ఇది సీనియర్ల సౌకర్యం కోసమే అనుకోకండి. ఐదు నిమిషాల పరిచయంతో ఎవరూ మనస్ఫూర్తిగా రిఫర్ చేయలేరు, మొహమాటానికి "పంపించండి, చూద్దాం" అంటారు, పరిచయం అక్కడితో ముగుస్తుంది. అదే జూనియర్ "మీ టీమ్‌లో చేరినవాళ్లు ఏ విషయంలో ఎక్కువ తడబడతారు?" అని అడిగి, విని, పదిరోజుల తర్వాత తాను ఏం నేర్చుకున్నాడో రాస్తే, రిఫరల్ మాట సీనియరే ఎత్తే అవకాశం ఎక్కువ.

అమ్మకాలకు వచ్చేవాళ్ల మీదా కన్ను ఉండాలి. పాలసీలు, గొలుసు పథకాలు, డబ్బు కడితే ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లు పూర్వ విద్యార్థుల్లోనూ ఉంటారు. నమోదు ఫారంలోనే నిషేధం రాసి, ఫిర్యాదు వస్తే పక్కకు పిలిచి మర్యాదగా పంపేయండి. ఎవరి ప్రవర్తనైనా ఇబ్బంది పెడితే చెప్పడానికి ఒక మహిళా వాలంటీర్‌తో సహా ఇద్దరి పేర్లు స్వాగతంలో ప్రకటించండి.

రౌండ్లు మొదలయ్యేసరికి ఎవరైనా రాకపోతే కుర్చీ ఖాళీగా ఉంచండి, మనుషులను దగ్గరికి జరపకండి. జరిపితే అంకెల నియమం చెడిపోతుంది. ఆలస్యంగా వచ్చినవారు తర్వాతి రౌండు నుంచి ఆ ఖాళీ కుర్చీ అంకెతో కలుస్తారు.

ఆన్‌లైన్‌లో అయితే

దూరదేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే మార్గం. మొత్తం 75 నిమిషాలు మించకూడదు. బ్రేకవుట్ గదికి (వీడియో కాల్‌లో చిన్న గుంపులుగా విడదీసే గది) ముగ్గురు లేదా నలుగురు, రౌండుకు 12 నిమిషాలు, నాలుగు రౌండ్లు. గదులను యాదృచ్ఛికంగా కేటాయించే బటన్ నొక్కితే మీరు కుదిర్చిన జతలన్నీ గాలికి పోతాయి, ముందే చేత్తో కేటాయించుకోండి. ప్రతి గదికీ ఒక బాధ్యుడు ఉండాలి. ఆహ్వానంలో సమయాన్ని రెండు మూడు టైమ్‌జోన్లలో రాయండి. రికార్డింగ్ వద్దు, రికార్డ్ అవుతోందంటే ఎవరూ తమ కంపెనీ గురించి నిజం మాట్లాడరు. హాల్లో కొందరు, తెర మీద కొందరు ఉండే మిశ్రమ పద్ధతి జోలికి పోకండి. తెర మీదివాళ్లు ప్రేక్షకులుగా మిగిలిపోతారు, వాళ్లకు వేరే రోజు వేరే మీట్ పెట్టడం మేలు.

తొమ్మిదో అడుగు: మీట్ అయ్యాక

ఇంటికెళ్లాక మెసేజ్ పెడదామనుకున్నవాళ్లలో చాలామంది పెట్టరు. మర్నాడు పని, ఎల్లుండి మొహమాటం, వారం దాటితే "ఇప్పుడేం రాస్తాంలే". అందుకే చివరి పావుగంట హాల్లోనే రాయించండి. అందరినీ కూర్చోబెట్టి, తాము కలిసినవారిలో ఇద్దరికి, నంబరో లింక్డ్‌ఇనో ఇచ్చిపుచ్చుకున్నవారికి, అక్కడికక్కడే మెసేజ్ పంపమనండి. వేదిక తెర మీద నమూనా పెట్టండి:

"నమస్తే మేడమ్, ఇవాళ మీట్‌లో మూడో రౌండులో కలిశాం. టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్‌కు మారడం గురించి మీరు చెప్పిన చిన్న ప్రాజెక్టు ఈ వారం మొదలుపెడుతున్నాను. రెండు వారాల తర్వాత 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందా? శనివారం ఉదయం అయితే మీకు కుదురుతుందా?"

ఎక్కడ కలిశాం, ఏం విన్నాను, ఏం చేస్తున్నాను, ఎంత సమయం అడుగుతున్నాను. ఈ నాలుగూ ఉంటే జవాబు ఇవ్వడం సీనియర్‌కు తేలిక. "టచ్‌లో ఉందాం సర్" అన్నదానికి ఏం జవాబివ్వాలో ఆయనకూ తెలియదు.

24 గంటల్లో నిర్వాహకులు ధన్యవాదాలతోపాటు మూడు ప్రశ్నల ఫీడ్‌బ్యాక్ ఫారం పంపాలి: ఎవరిని కలవడం పనికొచ్చింది, ఎవరిని కలవాలనుకుని కలవలేకపోయారు, వచ్చేసారి ఏ బల్ల బాధ్యత తీసుకుంటారు. రెండో ప్రశ్న జవాబులు బంగారం. వారంలోపు ఆ జతలను ఇద్దరి అనుమతితో మెయిల్ ద్వారా కలిపేయండి. ఒక్కరికే ముందు రాసి "ఫలానా వారు మీతో మాట్లాడాలనుకుంటున్నారు, కలపమంటారా?" అని అడిగి, సరే అన్నాకే రెండోవారిని జోడించాలి.

వాట్సాప్ గ్రూపు పెట్టే ముందు ఆలోచించండి. 60 మందితో పెట్టిన గ్రూపు శుభాకాంక్షలతో నిండిపోయి, నెలలోపు అందరూ మ్యూట్ చేస్తారు. పెట్టాలంటే రంగం వారీగా చిన్న గ్రూపులు, ఒక్కోదానికి ఒక బాధ్యుడు, ఆరు వారాల గడువు.

ఆ ఆరో వారంలో వాలంటీర్లు హాజరైన జూనియర్లకు ఫోన్ చేసి ఒకే మాట అడగాలి: "మీట్‌లో కలిసినవారిలో ఎవరితోనైనా మళ్లీ మాట్లాడారా?" హాజరు సంఖ్య, ఫొటోలకు వచ్చిన లైకులు పక్కన పెట్టి ఈ సంఖ్యనే కమిటీ ముందు ఉంచండి. సగం మంది అవునంటే గట్టి ఫలితం. పావు వంతు కన్నా తక్కువైతే ముందు హాలునో వక్తలనో అనుమానించకండి, నాలుగో అడుగుకు వెళ్లి ఫారం జవాబులు చదవండి. అడిగేవి పొడిపొడిగా ఉంటాయి, లేదంటే సీనియర్ల పాళ్లు తగ్గి ఉంటాయి.

తర్వాతి మీట్‌ను ఆరు నెలలలోపు పెట్టండి. ఈసారి జూనియర్‌గా వచ్చి ఉద్యోగంలో చేరినవారిని మొదటి పిలుపులోనే బల్ల బాధ్యులుగా అడగండి. స్ప్రెడ్‌షీట్‌లో "ఎవరు ఎవరిని కలిశారు" అన్న నిలువు వరుసను అలాగే ఉంచి కొత్త కమిటీకి అప్పగించండి. అది లేకపోతే వాళ్లు అవే జతలను మళ్లీ కూర్చోబెడతారు.